బ్రిటన్‌లో బ్యాంక్ హాలిడే వేరు, పండగ వేరు

మీరు అడిగినవి రెండు. డిసెంబర్ చివర్లో భార్యాపిల్లలతో మాంచెస్టర్ వస్తున్నారు, ఆఫర్ లెటర్లో "20 రోజుల లీవు, బ్యాంక్ హాలిడేలు అదనం" అని రాశారు, ఆ బ్యాంక్ హాలిడేలు (ఇక్కడి ప్రభుత్వ సెలవులు) ఎన్ని, ఎప్పుడు వస్తాయి అన్నది ఒకటి. బ్రిటిష్ వాళ్లు చేసుకునే పండగలు ఏమిటి, వాటిలో మనం ఎలా ఉండాలి అన్నది రెండోది. చాలామంది ఈ రెండింటికీ ఒకే లిస్టు చూపించేస్తారు. అది చూస్తే మీకు సగమే తెలుస్తుంది, ఎందుకంటే ఈ దేశంలో చట్టప్రకారం వచ్చే సెలవులు వేరు, జనం మనసుపెట్టి జరుపుకునే రోజులు వేరు. క్రిస్మస్, ఈస్టర్, న్యూ ఇయర్ దగ్గర రెండూ కలుస్తాయి. మిగతా ఏడాదంతా దాదాపు సెలవున్న రోజు పండగ ఉండదు, పండగున్న రోజు ఆఫీసు ఉంటుంది. నేను ఇక్కడ పేరోల్ పనిలో ఉన్నాను, ముందు లీడ్స్‌లో, తర్వాత స్కాట్లండ్‌లో డండీలో, ఇప్పుడు మళ్లీ ఇంగ్లండ్‌లో. లీవుల లెక్కలు చూడటమే నా ఉద్యోగం కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పండగల్లోకి వస్తాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలు: జనవరి 1, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ మండే, మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం, డిసెంబర్ 25, డిసెంబర్ 26. అంతే. మన దగ్గర గవర్నమెంటు సెలవుల జాబితా చూసి పెరిగినవాళ్లకి ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, నిజంగానే తక్కువ. స్కాట్లండ్‌లో 9. అక్కడ జనవరి 2 కూడా సెలవు, నవంబర్ 30న సెయింట్ ఆండ్రూస్ డే ఉంది, కానీ ఈస్టర్ మండే జాబితాలో ఉండదు, ఆగస్టు సెలవు నెల మొదటి సోమవారమే వచ్చేస్తుంది. పైగా స్కాట్లండ్‌లో ఊరిని బట్టి స్థానిక సెలవులు కూడా ఉంటాయి, ఎడిన్‌బరోలో సెలవైన రోజు గ్లాస్గోలో పని ఉండొచ్చు. నార్తర్న్ ఐర్లండ్‌లో 10, ఇంగ్లండ్ ఎనిమిదికి తోడు మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే, జూలై 12. ఎక్కడైనా సరే సెలవు శని, ఆదివారాల్లో పడితే అది పోదు, తర్వాతి పనిరోజుకి, మామూలుగా సోమవారానికి జరుగుతుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

బ్యాంకులకీ జనం సెలవులకీ సంబంధం ఏమిటని అందరూ అడుగుతారు. 1871లో సర్ జాన్ లబ్బక్ అనే ఎంపీ పెట్టిన బిల్లు ఇది. ఆయన వృత్తిరీత్యా బ్యాంకరు, చీమల మీదా తేనెటీగల మీదా పరిశోధన చేసిన మనిషి, చార్లెస్ డార్విన్‌కి పొరుగువాడు. అంతకు ముందు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ సెయింట్ల పేరు మీద ఏడాదికి ముప్ఫై పైచిలుకు రోజులు మూసేది, 1834లో ఆ లెక్కని నాలుగు రోజులకి తగ్గించేశారు. లబ్బక్ చట్టం ఏం చేసిందంటే, ఫలానా రోజుల్లో బ్యాంకులు మూసుకోవచ్చు, ఆ రోజు కట్టాల్సిన బాకీలు మర్నాడు కడితే చాలు అంది. బ్యాంకే లేనప్పుడు వ్యాపారం ఏం నడుస్తుంది, మెల్లగా షాపులు, ఫ్యాక్టరీలు కూడా మూసేశారు. కూలీనాలీ చేసుకునేవాళ్లకి ఆదివారం కాకుండా ఇంకో రోజు తీరిక దొరకడం ఎంత పెద్ద విషయమో ఊహించండి, ఆగస్టు సెలవుని జనం ప్రేమగా "సెయింట్ లబ్బక్ డే" అని కూడా పిలిచారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1971 నాటి చట్టం. ఇంకో సంగతి, ఇంగ్లండ్‌లో జనవరి 1 బ్యాంక్ హాలిడే అయింది 1974లో, మే మొదటి సోమవారం వచ్చింది 1978లో. అనాదిగా ఉన్నట్టు కనిపించేవి కూడా మన నాన్నల కాలంలో మొదలైనవే.

ఇక మీ ఆఫర్ లెటర్. ప్రైవేటు ఉద్యోగికి బ్యాంక్ హాలిడే రోజున సెలవు ఇచ్చి తీరాలని ఇక్కడ ఏ చట్టమూ చెప్పదు. ఆ రోజు పనిచేస్తే డబుల్ జీతం ఇవ్వాలని కూడా లేదు, అదంతా కాంట్రాక్టులో ఏముంటే అది. చట్టం ఖచ్చితంగా ఇచ్చేది ఏడాదికి 5.6 వారాల పెయిడ్ లీవు, అంటే వారానికి 5 రోజులు చేసేవాళ్లకి 28 రోజులు. ఆ 28లో బ్యాంక్ హాలిడేలు కలిపేసుకునే హక్కు కంపెనీకి ఉంది. 20కి 8 కలిపితే 28. అంటే మీకు ఇస్తున్నది చట్టం చెప్పిన కనీసమే, ఒక్క రోజు కూడా ఎక్కువ కాదు. 25 ఇచ్చే కంపెనీలు బోలెడు ఉన్నాయి, కుదిరితే జాయిన్ అవ్వకముందే అడగండి, అడగడం ఇక్కడ తప్పేం కాదు.

ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది పేరోల్ వాళ్లకే ఆలస్యంగా తడుతుంది. మీ కంపెనీ లీవు లెక్క జనవరి నుంచి డిసెంబరా, ఏప్రిల్ నుంచి మార్చా అని అడిగి తెలుసుకోండి. ఏప్రిల్ అయితే ఈస్టర్ ఆడుకుంటుంది. 2026లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3న, 2027లో మార్చి 26న, 2028లో మళ్లీ ఏప్రిల్ 14న వస్తుంది. అంటే 2026 ఏప్రిల్ నుంచి 2027 మార్చి లోపల రెండు ఈస్టర్లు పడతాయి, 10 బ్యాంక్ హాలిడేలు. ఆ తర్వాతి ఏడాది, 2027 ఏప్రిల్ నుంచి 2028 మార్చి వరకు, ఒక్క ఈస్టర్ కూడా ఉండదు, ఆరే మిగులుతాయి. 20కి 6 కలిపితే 26, చట్టం చెప్పిన 28 కన్నా తక్కువ. అప్పుడు కంపెనీ ఆ రెండు రోజులు తన చేతి నుంచి కలపాలి. పెద్ద కంపెనీల్లో సిస్టమే చూసుకుంటుంది, చిన్న వాటిలో మీరు నోరు తెరిచి అడగకపోతే ఎవరూ ఇవ్వరు. మీ భార్య పార్ట్ టైమ్ చేరితే ఆమెకి కూడా ఒక మాట చెప్పండి: ఎక్కువ బ్యాంక్ హాలిడేలు సోమవారాలే, సోమవారం పని లేనివాళ్లు ఊరికే నష్టపోకూడదు, పనిచేసే రోజుల నిష్పత్తిలో వాళ్ల వాటా వాళ్లకి రావాలి.

"బ్యాంక్ హాలిడేలు అదనం" అన్న మాట మీకు మంచిదే. కొన్ని కాంట్రాక్టుల్లో "8 బ్యాంక్ హాలిడేలు" అని అంకె వేసి ఉంటుంది. అప్పుడప్పుడు ప్రభుత్వం ఒక రోజు ఎక్కువ ప్రకటిస్తుంది: 2011 ఏప్రిల్ 29న విలియం, కేట్‌ల పెళ్లికి, 2022లో ఎలిజబెత్ రాణి ప్లాటినం జూబ్లీకి, అదే ఏడాది సెప్టెంబర్ 19న ఆమె అంత్యక్రియలకి, 2023 మే 8న చార్లెస్ పట్టాభిషేకానికి. అంకె వేసి ఉన్నవాళ్లకి కంపెనీ దయ ఉంటే ఆ రోజు సెలవు, లేకపోతే లేదు. 2022లో మా టేబుల్ మీద ఈ గొడవే నడిచింది, ఒకే బిల్డింగులో పక్కపక్క సీట్లలో కూర్చునే ఇద్దరికి కాంట్రాక్టులో రెండు పదాల తేడా వల్ల ఒకరికి సెలవు, ఒకరికి పని.

ఈస్టర్ తేదీ ఎందుకిలా తిరుగుతుందని పాశ్చాత్యులకి వివరించడం కష్టం గానీ తిథి తెలిసిన మనకి సులువు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి చూసుకుని, దాని తర్వాతి ఆదివారం ఈస్టర్. చర్చి వాడేది లెక్కల పున్నమి, ఆకాశంలో కనిపించేదానికి ఒకటి రెండు రోజుల తేడా ఉండొచ్చు. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎక్కడైనా పడుతుంది. ఈ గందరగోళం వద్దు, ఏప్రిల్ రెండో శనివారం తర్వాతి ఆదివారం అని స్థిరం చేసేద్దాం అని 1928లో పార్లమెంటు ఒక చట్టం కూడా చేసింది. ఆ చట్టం ఇప్పటికీ పుస్తకాల్లోనే ఉంది, అమల్లోకి రాలేదు.

ఈస్టర్ అంటే చర్చికి వెళ్లేవాళ్లకి చాలా పెద్ద పండగ, వెళ్లనివాళ్లకి నాలుగు రోజుల వరస సెలవు, చాక్లెట్ గుడ్లు. గుడ్ ఫ్రైడేకి హాట్ క్రాస్ బన్స్ తింటారు, మీద సిలువ గుర్తు వేసి ఉండే తీపి బన్నులు, లోపల ఎండుద్రాక్ష, దాల్చినచెక్క వాసన. సగానికి కోసి కాల్చి వెన్న రాసుకుని తింటే చాలా బాగుంటాయి, పిల్లలకి నచ్చుతాయి. ఈస్టర్ ఆదివారం ఇంగ్లండ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేయాలి, చట్టం. శనివారమే పాలు, కూరగాయలు తెచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు మీరు దిగబోయే క్రిస్మస్ సంగతి. మీ టికెట్ డిసెంబర్ 25కి గనక ఉంటే, దయచేసి మార్చుకోండి. ఆ రోజు ఈ దేశంలో రైళ్లు నడవవు. లండన్ ట్యూబ్ లేదు, లండన్ బస్సులు లేవు. 26న కూడా రైళ్లు బాగా తక్కువ, చాలా లైన్లు పూర్తిగా బంద్, ఆ వారంలోనే పట్టాల రిపేర్లు పెట్టుకుంటారు. పసిపిల్లల్ని, నాలుగు సూట్‌కేసుల్ని వేసుకుని ఎయిర్‌పోర్టులో చిక్కుకుంటే టాక్సీకి ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే. 280 చదరపు మీటర్లు దాటిన షాపులు క్రిస్మస్ రోజు తెరవకూడదని 2004లో ఇంగ్లండ్, వేల్స్‌లకి చట్టం చేశారు. వీధి చివర చిన్న షాపులు, చాలావరకు మన గుజరాతీలు, పంజాబీలు, శ్రీలంక తమిళులు నడిపేవి, కాసేపు తెరుస్తారు, పాలు, బ్రెడ్డు అక్కడ దొరుకుతాయి.

క్రిస్మస్ ఇక్కడ ఇంటి పండగ. వీధిలోకి వచ్చి చేసుకునేది కాదు, కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి 25న ఊరంతా ఖాళీగా, దిగులుగా కనిపిస్తుంది. సందడంతా ముందు నెలలోనే అయిపోతుంది: నవంబర్ నుంచి దీపాలు, క్రిస్మస్ మార్కెట్లు (మాంచెస్టర్‌ది చాలా పెద్దది), స్కూళ్లలో క్రీస్తు పుట్టుక కథతో పిల్లలు వేసే నేటివిటీ నాటకాలు, ఆఫీసులో సీక్రెట్ శాంటా అని పేరు చెప్పకుండా ఇచ్చుకునే చిన్న బహుమతులు, టీముతో కలిసి భోజనం, పాంటోమైమ్ అని పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లే అల్లరి నాటకాలు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెట్టే చెట్టు 1947 నుంచి ఏటా నార్వే వాళ్లు పంపిస్తారు, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తమకి చేసిన సాయానికి కృతజ్ఞతగా.

ఎవరైనా సహోద్యోగి 25న భోజనానికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. పిలిచారంటే మిమ్మల్ని ఇంటివాళ్లలో కలుపుకున్నట్టే. భోజనం మధ్యాహ్నమే, ఒంటిగంటకో రెండింటికో. టర్కీ కోడి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన బంగాళాదుంపలు, బ్రసెల్స్ స్ప్రౌట్స్, క్రాన్‌బెర్రీ సాస్, గ్రేవీ. ప్రతి పళ్లెం పక్కన ఒక క్రాకర్ ఉంటుంది, రంగు కాగితం చుట్టిన గొట్టం, పంతొమ్మిదో శతాబ్దంలో టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి కనిపెట్టింది. మీరొక కొస, పక్కవాళ్లొక కొస పట్టుకుని లాగాలి, చిటుక్కున పేలుతుంది, లోపల పల్చటి కాగితం కిరీటం, ఒక చిన్న వస్తువు, ఒక జోకు చీటీ. జోకు పైకి చదవాలి, అది ఎంత చప్పగా ఉన్నా అందరూ మూలుగుతూ నవ్వుతారు. కిరీటం తలకి పెట్టుకోవాలి, తాతగారితో సహా అందరూ పెట్టుకునే భోంచేస్తారు. మూడింటికి టీవీలో రాజుగారి ప్రసంగం. 1932లో ఐదో జార్జ్ రేడియోలో మొదలుపెట్టింది, టీవీలోకి 1957లో వచ్చింది. కొన్ని ఇళ్లలో ఆ టైముకి ఖచ్చితంగా టీవీ పెడతారు, కొన్ని ఇళ్లలో అప్పటికే సోఫాలో కునుకు తీస్తుంటారు.

శాకాహారులైతే రెండు ముక్కలు. మిన్స్ పై అని చిన్న గుండ్రటి పిండివంట డిసెంబర్ అంతా ప్రతిచోటా పెడతారు. లోపల ఎండుద్రాక్ష, ఆపిల్, మసాలా దినుసులు, మాంసం ఉండదు, కానీ సంప్రదాయ పద్ధతిలో ఆవు కొవ్వు వేస్తారు. క్రిస్మస్ పుడ్డింగ్‌లోనూ అంతే. సూపర్‌మార్కెట్లో అమ్మేవాటిలో చాలావాటికి ఇప్పుడు వెజిటబుల్ కొవ్వు వాడుతున్నారు, ప్యాకెట్ మీద వెజిటేరియన్ గుర్తు చూసుకుంటే సరిపోతుంది. ఎవరింటికైనా వెళ్లేటప్పుడు ముందే చెప్పండి, ఏమీ అనుకోరు, నట్ రోస్ట్ అని జీడిపప్పు, వాల్‌నట్లతో చేసేది మీకోసం విడిగా చేస్తారు. ఇక్కడి గృహిణులు ఈ విషయంలో చాలా శ్రద్ధ చూపిస్తారు, నాకు ప్రతిసారీ ముచ్చటేసింది.

క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే. ధనవంతుల ఇళ్లలో పనివాళ్లకి ఆ రోజు బహుమతుల పెట్టెలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు మిగిలిన టర్కీతో సాండ్‌విచ్‌లు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, షాపుల్లో సేల్స్, పొలాల గట్ల మీద కుటుంబమంతా బూట్లేసుకుని నడక. 27 నుంచి 31 వరకు పనిదినాలే అయినా సగం ఆఫీసులు నిద్రలో ఉంటాయి, బ్యాంకు అకౌంటు, స్కూలు అడ్మిషను లాంటి పనులు ఆ వారంలో అవుతాయని పెట్టుకోవద్దు.

స్కాట్లండ్ కథే వేరు. అక్కడి ప్రెస్బిటీరియన్ చర్చి పదహారో శతాబ్దం మత సంస్కరణ తర్వాత క్రిస్మస్‌ని పోప్ కాలం నాటి ఆచారమని పక్కన పెట్టింది, 1958 దాకా డిసెంబర్ 25 అక్కడ పబ్లిక్ హాలిడే కాదు, జనం మామూలుగా పనికి పోయేవాళ్లు. ఆ ఉత్సాహమంతా డిసెంబర్ 31 రాత్రికి, హాగ్మనేకి చేరింది. జనవరి 2 కూడా సెలవుగా ఉండటానికి కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే చేతులు అడ్డంగా పట్టుకుని కవి రాబర్ట్ బర్న్స్ రాసిన ఆల్డ్ లాంగ్ సైన్ పాడతారు. ఆ తర్వాత ఇంట్లోకి మొదట అడుగుపెట్టే మనిషిని బట్టి ఏడాది ఉంటుందని నమ్మకం, పొడుగ్గా, నల్లజుట్టుతో ఉన్న మగమనిషి అయితే శుభం, చేతిలో బొగ్గు ముక్క, షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు, విస్కీ పట్టుకుని రావాలి. డండీలో మా కింది ఫ్లాట్ ముసలి దంపతులు ఒకసారి ముందుగానే వచ్చి, "నీ జుట్టు నల్లగా ఉంది, మా ఇంటికి నువ్వే రావాలి" అన్నారు. పన్నెండు కొట్టగానే వాళ్లిచ్చిన బొగ్గు ముక్కే కాగితంలో చుట్టి పట్టుకుని కిందికి దిగి తలుపు కొట్టాను. పెద్దాయన తలుపు తీసి, బొగ్గు అందుకుని, భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు, ఆమె అప్పటికే గ్లాసులు పెట్టేసింది. ఆ తర్వాత వాళ్లింట్లో నన్ను బయటివాడిగా ఎవరూ చూడలేదు. జనవరి 25న బర్న్స్ పుట్టినరోజు, ఆ రాత్రి హాగిస్ అనే గొర్రె మాంసం వంటకం తింటూ ఆయన కవిత్వం చదువుతారు. సెలవు కాదు. ఒక కవి కోసం దేశమంతా భోజనాల బల్ల దగ్గర కూర్చోవడం చూస్తే మన వేమన గుర్తొచ్చి కాస్త బాధేస్తుంది.

మే, ఆగస్టుల సోమవారాలకి ఏ పండగా అంటుకుని లేదు. మే చివరిది ఒకప్పుడు, ఈస్టర్‌కి ఏడు వారాల తర్వాత వచ్చే పెంతెకొస్తు ఆదివారానికి మర్నాడు వచ్చే విట్ మండే, 1971 చట్టంతో దాన్ని చర్చి క్యాలెండర్ నుంచి విడదీసి నెల చివరి సోమవారానికి కట్టేశారు. అయినా మీరు ఉండబోయే ప్రాంతంలో విట్ ఇంకా బతికే ఉంది: మాంచెస్టర్ పక్కన శాడిల్‌వర్త్ ఊళ్లలో విట్ ఫ్రైడే (పెంతెకొస్తు తర్వాతి శుక్రవారం) సాయంత్రం బ్రాస్ బ్యాండ్ల పోటీలు జరుగుతాయి, ఒక ఊళ్లో వాయించి బస్సెక్కి ఇంకో ఊరికి పరుగెడుతుంటారు, పిల్లల్ని తప్పక తీసుకెళ్లండి. గ్లోస్టర్‌షైర్‌లో కూపర్స్ హిల్ అనే నిటారు గుట్ట మీద నుంచి జున్ను చక్రం దొర్లించి దాని వెంట పరుగెత్తి పడిపోయేవాళ్లని చూడటానికి మే చివరి సోమవారం వేలమంది వస్తారు. ఆగస్టు చివరి ఆది, సోమవారాల్లో లండన్ నాటింగ్ హిల్ కార్నివాల్, కరీబియన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు 1960ల్లో వీధిలోకి తెచ్చిన ఉత్సవం. 1958లో అదే పేటలో వాళ్ల మీద దాడులు జరిగాయి, ఆ మరుసటి ఏడాదే ట్రినిడాడ్‌లో పుట్టిన పాత్రికేయురాలు క్లాడియా జోన్స్ ఒక హాల్లో మొదటి కార్నివాల్ నిర్వహించింది. వలస వచ్చినవాళ్లు ఒక దేశపు క్యాలెండర్‌లో చోటు సంపాదించుకోవడం అంటే ఇదే, అందుకే నాకు ఇది అన్నిటికన్నా ఇష్టం. మిగతా జనం సెలవు సోమవారాల్లో సముద్రం ఒడ్డుకి పోతారు, తోటపని చేసుకుంటారు, గోడలకి రంగులేసుకుంటారు, బ్లాక్‌పూల్ దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

సెలవు లేని పెద్ద రోజుల్లో మొదటిది నవంబర్ 5, బాన్‌ఫైర్ నైట్. 1605లో రాబర్ట్ కేట్స్‌బీ నాయకత్వంలో కొంతమంది కాథలిక్కులు రాజు మొదటి జేమ్స్‌ని పార్లమెంటుతో సహా పేల్చేయాలని కింది గదిలో 36 పీపాల మందుగుండు పెట్టారు, కాపలా ఉన్న గై ఫాక్స్ దొరికిపోయాడు. ఆ రోజుని కృతజ్ఞతా దినంగా జరపాలని పార్లమెంటు చట్టమే చేసింది, అది 1859 దాకా ఉంది. ఇప్పుడు మత వైరం పోయి పెద్ద మంట, బాణసంచా, ఉడుకుడుకు బంగాళాదుంపలు, యార్క్‌షైర్ వైపు పార్కిన్ అనే అల్లం కేకు మిగిలాయి. లూయిస్ పట్టణంలో మాత్రం కాగడాలతో ఊరేగింపులు పెద్ద ఎత్తున చేస్తారు. మన దీపావళి దీనికి దగ్గర్లోనే పడుతుంది, అది మనకి బాగా కలిసొచ్చింది. మామూలు షాపుల్లో బాణసంచా అక్టోబర్ 15 నుంచి నవంబర్ 10 వరకు, మళ్లీ డిసెంబర్ చివర్లో, ఇంకా దీపావళికీ చైనా కొత్త సంవత్సరానికీ ముందు 3 రోజులు అమ్మొచ్చు. ఇంగ్లండ్‌లో రాత్రి 11 తర్వాత కాల్చకూడదు, బాన్‌ఫైర్ నైట్‌కి 12 దాకా, దీపావళి రాత్రి 1 గంట దాకా అనుమతి. చట్టంలో దీపావళి పేరు అలా రాసి ఉంది. వీధిలో కాల్చడం మాత్రం నేరం, మీ పెరట్లోనే.

నవంబర్‌లోనే ఇంకో రోజు ఉంది, దీన్ని పండగ అనకూడదు. 1918 నవంబర్ 11 ఉదయం 11 గంటలకి మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. ఆ తేదీన, నవంబర్ రెండో ఆదివారం కూడా, చనిపోయిన సైనికుల కోసం రెండు నిమిషాలు మౌనం. అక్టోబర్ చివరి నుంచే కోటుకి ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుంటారు, ఆ పువ్వు కొన్న డబ్బు సైనికుల సంక్షేమానికి పోతుంది. మీరు సూపర్‌మార్కెట్ క్యూలో ఉండగా పదకొండు కొడితే క్యాషియర్ చెయ్యి ఆగిపోతుంది, స్కానర్ల శబ్దం ఆగిపోతుంది, ట్రాలీ పట్టుకున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడతారు. మీరూ నిలబడండి, ఫోన్ జేబులో పెట్టేయండి. ఇది పరాయి సంగతి అనుకోవద్దు. ఆ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా పాల్గొన్నారు, గాయపడినవాళ్లకి బ్రైటన్‌లోని రాయల్ పెవిలియన్ ప్యాలెస్‌నే ఆసుపత్రి చేశారు, చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్ని ఊరి పైన కొండ మీద దహనం చేశారు. ఆ చోట 1921లో ఆవిష్కరించిన తెల్లటి ఛత్రీ ఇప్పటికీ ఉంది. బ్రైటన్ వెళ్తే బీచ్ చూసి వచ్చేయకుండా అక్కడిదాకా నడవండి.

మిగతావి గబగబా. ఫిబ్రవరి, మార్చిల్లో ఒక మంగళవారం పాన్‌కేక్ డే, ఉపవాసాల కాలం మొదలయ్యే ముందు రోజు, మైదా, గుడ్డు, పాలు కలిపి పల్చటి అట్లు పోసుకుని నిమ్మరసం, పంచదార చల్లుకు తింటారు. ఓల్నీ అనే ఊళ్లో ఆడవాళ్లు పెనంలో అట్టు ఎగరేస్తూ పరుగు పందెం పెడతారు. మదర్స్ డే ఇక్కడ మేలో రాదు, ఈస్టర్‌కి మూడు వారాల ముందు ఆదివారం వస్తుంది, స్కూల్లో మీ పిల్లలు కార్డు చేసి తెస్తే ఆశ్చర్యపోకండి. మార్చి 1న వేల్స్ వాళ్ల సెయింట్ డేవిడ్స్ డే, ఏప్రిల్ 23న ఇంగ్లండ్ వాళ్ల సెయింట్ జార్జ్ డే, రెండూ సెలవులు కావు. బెల్‌ఫాస్ట్‌లో జూలై 12 మాత్రం జాగ్రత్త, 1690లో బోయిన్ నది దగ్గర ప్రొటెస్టెంట్ రాజు విలియం గెలిచిన యుద్ధం పేరు మీద ఊరేగింపులు చేస్తారు, అది ఒక వర్గం పండగ, ఇంకో వర్గానికి గాయం, ఆఫీసులో దాని మీద అభిప్రాయాలు చెప్పొద్దు. అన్నట్టు, మన ఆగస్టు 15 లాంటి జాతీయ దినం బ్రిటన్‌కి లేనే లేదు. రాజుగారి పుట్టినరోజు పరేడ్ జూన్‌లో జరుగుతుంది, దానికీ సెలవు లేదు.

చివరగా మన పండగలకి లీవు. ఉగాదికి, దసరాకి, దీపావళికి మీ 20లోంచి తీసుకోవాల్సిందే, క్రిస్మస్ వారంలో పనిచేయడానికి సిద్ధపడితే మేనేజర్లు సంతోషంగా మార్చుకుంటారు, రోస్టర్ వేసే ముందే, అంటే సెప్టెంబర్‌లోనే మాట్లాడుకోండి. పిల్లల స్కూలు దగ్గర ఇంకాస్త జాగ్రత్త. మతపరమైన పండగ రోజుకి ముందే ఉత్తరం రాస్తే ఆ ఒక్క రోజు సెలవు ఇస్తారు. కానీ సంక్రాంతికని జనవరిలో రెండు వారాలు ఇండియా తీసుకెళ్తే ఇంగ్లండ్‌లో జరిమానా పడుతుంది, 21 రోజుల్లో కడితే ఒక్కో పిల్లకి తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు, ఆలస్యమైతే 160. ఇద్దరు పిల్లలుంటే లెక్క మీరే వేసుకోండి. డిసెంబర్ 31 లోపు వచ్చేస్తున్నారు కాబట్టి వచ్చాక మొదటి పని, స్కూలు టర్మ్ తేదీలు మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకుని, వాటి పక్కన 8 బ్యాంక్ హాలిడేలు రాసుకుని, ఆ కాగితంతో లీవు అడగండి. కాంట్రాక్టులో ఆ సెలవుల లైను యథాతథంగా ఇక్కడ పెడితే, లీవు ఏడాది ఎప్పుడు మొదలవుతుందో కూడా చెబితే, మీకు ఎన్ని రోజులు రావాలో లెక్కేసి చెబుతాను.